మా పాప గార పళ్ళు, ఎంవీపీ కాలనీలోని ఈ పిల్లల పళ్ళ క్లినిక్: నాలుగుసార్లు వెళ్ళొచ్చాక రాస్తున్నాను

అయిదుకి అయిదు ఇస్తున్నాను. పార్కింగ్ లేదు, మెట్లు ఎక్కాలి, శనివారం వెళ్తే గంటన్నర కూర్చోవాలి, ఇవన్నీ కింద రాస్తాను, అయినా అయిదే. ఎందుకంటే రెండేళ్ళుగా మా అమ్మాయి పళ్ళు చూసిన వాళ్ళెవరూ అడగని ఒక్క ప్రశ్న ఇక్కడి డాక్టర్ మేడమ్ అడిగారు. పిల్లలకి కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద తెల్ల గీతలో, గోధుమ మచ్చలో చూసి నాలాగే టెన్షన్ పడుతున్న తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే దయచేసి కాస్త ఓపిగ్గా చదవండి, కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. పాలపళ్ళు ముత్యాల్లా ఉండేవి, చూసిన ప్రతివాళ్ళూ మెచ్చుకునేవాళ్ళు. ఏడు దాటాక పైన ముందు పళ్ళు రెండూ దిగాయి. దిగుతూనే వాటి మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి అడ్డగీతలు, కుడి పన్ను మధ్యలో ఆవగింజంత పసుపు మచ్చ. ఏడాది తిరిగేసరికి ఆ మచ్చ కందిగింజంత అయింది, రంగు చింతపండు రసంలా తయారైంది. ఎడమ పన్ను మీద కూడా సరిగ్గా అదే చోట ఇంకొకటి మొదలైంది.

క్లాసులో ఎవరో ‘గార పళ్ళు’ అన్నారట. అప్పటినుంచి నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. స్కూల్ గ్రూప్ ఫోటోలో పిల్లలందరూ నవ్వుతుంటే మా పిల్ల ఒక్కతే పెదాలు బిగించి నిలబడి ఉంది, ఆ ఫోటో ఇప్పటికీ నాకు చూడబుద్ధి కాదు. ఒక పెళ్ళిలో మా దూరపు బంధువు ఒకావిడ అందరి ముందూ “ఏమ్మా, పిల్ల చేత పళ్ళు తోమించవా?” అంది. ఆ రాత్రి ఇంటికొచ్చి నిమ్మచెక్క మీద వంటసోడా వేసి ఆ పళ్ళు నేనే రుద్దాను. చిగుళ్ళు మండి పిల్ల ఏడ్చింది, మచ్చ మాత్రం కొంచెం కూడా కదల్లేదు. నిమ్మరసంలోని పులుపు పంటి పైపొరని ఇంకా తినేస్తుందని తర్వాత ఇక్కడే తెలిసింది. ఎవరూ ఆ పని చెయ్యకండి.

దీనికి ముందు ఇంకో చోటికి వెళ్ళాం, పేరు రాయను. అక్కడ గార పట్టింది అన్నారు, క్లీనింగ్ చేసి పదిహేను వందలు తీసుకున్నారు. మచ్చ అలాగే ఉంది. మళ్ళీ వెళ్తే, ముందు పళ్ళు అరగదీసి క్యాపులు వేద్దాం అన్నారు, ఎనిమిదేళ్ళ పిల్లకి! అప్పుడే దిగిన పళ్ళు, జీవితాంతం ఉండాల్సినవి. మా ఆయన ఒప్పుకోలేదు, లేచి వచ్చేశాం. మా పక్క ఫ్లాట్ అక్క వాళ్ళ బాబుని ఇక్కడికి తీసుకొచ్చేదట, ఆవిడ చెబితే పెందుర్తి నుంచి ఇంత దూరం వచ్చాం.

మొదటి రోజు మేడమ్ ఏ మెషీనూ పట్టుకోలేదు. దూదితో పళ్ళు తుడిచి, గాలి కొట్టే చిన్న గొట్టంతో పది పదిహేను సెకన్లు ఆరబెట్టి, అద్దం నా చేతికిచ్చి దగ్గరగా చూడమన్నారు. తడిగా ఉన్నప్పుడు నాలుగైదు గీతలే కనిపించిన చోట, ఆరాక పంటికి అడ్డంగా సన్నసన్నటి తెల్ల గీతలు వరసగా బయటపడ్డాయి, నీళ్ళు ఇంకిపోయాక చెరువు ఒడ్డున మిగిలే చారల్లా. పిల్ల నాలుకతో తడుపుకుంది, సగం గీతలు మాయం. “రెండువైపులా ఒకేలా ఉన్నాయి చూశారా అమ్మా? కుడి పన్ను మీద ఎక్కడుందో ఎడమ పన్ను మీదా అక్కడే. దెబ్బ తగిలి వచ్చిందైతే ఒక్క పంటికే ఉంటుంది. తోముకోక వచ్చిందైతే చిగురు అంచునే ఉంటుంది. ఇది గార కాదు, పైన పట్టింది కాదు, పన్ను తయారైనప్పుడే లోపల పడింది” అన్నారు.

తర్వాత అడిగారు: “పాపకి నాలుగేళ్ళు వచ్చేవరకు మీరు ఎక్కడుండేవారు? ఏ నీళ్ళు తాగేది?”

నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మేం వైజాగ్ వచ్చి అయిదేళ్ళే. అంతకుముందు ఆయన ఉద్యోగం కనిగిరి దగ్గర. పాప పుట్టిన దగ్గర్నుంచి నాలుగో ఏడు వచ్చేవరకు అక్కడే, బోరు నీళ్ళతోనే పెరిగింది. ఆ మాట చెప్పగానే మేడమ్ తలూపారు. ఆ ప్రాంతంలో ఫ్లోరిన్ నీళ్ళ సంగతి, అంటే ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న నీళ్ళ సంగతి, ఇవాళ్టిది కాదట, అదంతా అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేదని, మన దేశంలో ఈ జబ్బు (ఫ్లోరోసిస్ అంటారట) గురించి మొదట డాక్టర్లు రాసింది 1937లో ఆ వైపు ఊళ్ళ గురించేనని చెప్పారు. అక్కడున్నన్నాళ్ళూ పెద్దవాళ్ళ పళ్ళ మీద గార, వంగిన నడుములు మేమూ చూశాం. కానీ మా పిల్ల నోట్లోకి కూడా అది వచ్చిందని, పన్ను బయటికి రాకముందే వచ్చేసిందని మాకు తట్టనే లేదు.

ఇక్కడ ఆవిడ వివరించిన తీరు నాకు బాగా నచ్చింది, అందుకే వివరంగా రాస్తున్నాను. ఏడేళ్ళకి బయటికొచ్చే ముందు పళ్ళు ఏడో ఏట తయారయ్యేవి కావు. పుట్టిన కొన్ని నెలలకే దవడ ఎముక లోపల వాటి పైపొర, అంటే ఎనామిల్, తయారవడం మొదలవుతుంది, నాలుగైదేళ్ళకి పంటి పైభాగం మొత్తం పూర్తయిపోతుంది. చిగురు లోపల దాక్కుని బయటికి రావడానికి ఎదురుచూస్తుంటుంది, అంతే. ఆ తయారయ్యే కాలంలో ఎనామిల్ ముందు మాంసకృత్తులతో కలిసి మెత్తగా ఏర్పడుతుందట, తర్వాత ఆ మాంసకృత్తులు తొలగిపోయి ఆ ఖాళీల్లో ఖనిజం నిండి గట్టిపడాలి. ఒంట్లో ఫ్లోరైడ్ మరీ ఎక్కువైతే అవి సరిగ్గా తొలగవు, పొరలో కంటికి కనపడని సందులు మిగిలిపోతాయి. సరిగ్గా కాలని కుండని చూశారు కదా, పైకి కుండలాగే ఉంటుంది, నీళ్ళు పోస్తే చెమరుస్తుంది. ఈ పన్ను కూడా అంతే. సందులున్న చోట వెలుతురు వేరేగా పడి తెల్లగా కనిపిస్తుంది. బయటికి వచ్చాక టీ, చారు, పసుపు, ఏది తగిలినా ఆ సందుల్లోకి ఇంకి గోధుమ రంగు వస్తుంది. అందుకే మచ్చ వచ్చినప్పుడు పసుపుగా ఉండి ఏడాదికి ముదిరింది. అందుకే నా నిమ్మచెక్కకీ, వాళ్ళ క్లీనింగుకీ అది పోలేదు.

పైన ముందు పళ్ళకి అన్నిటికంటే సున్నితమైన కాలం మొదటి మూడేళ్ళట, అందులోనూ ఏడాది దాటాక వచ్చే ఏడాదిన్నర. ఎనిమిదేళ్ళు దాటాక ఎంత ఫ్లోరైడ్ తాగినా, జ్ఞానదంతాలు వదిలేస్తే, కొత్తగా పళ్ళ మీద ఈ గీతలు పడవు, పొర అప్పటికే అయిపోతుంది కాబట్టి. (ఎముకల సంగతి వేరు, అది ఏ వయసులోనైనా ఏళ్ళ తరబడి తాగితే వస్తుంది. మా పాపకి ఎముకలు కూడా పాడయ్యాయా అని నేను ఏడుపు గొంతుతో అడిగితే, పళ్ళ మీద గీతలు ఉన్నంత మాత్రాన ఎముకలకు వచ్చినట్టు కాదని, ఎముకలకు పట్టాలంటే చాలా ఏళ్ళు చాలా ఎక్కువ మోతాదులో తాగాలని చెప్పారు.) మరి పాలపళ్ళు ఎందుకు బాగున్నాయి అని మా ఆయన అడిగారు. వాటి ఎనామిల్ చాలావరకు తల్లి కడుపులోనే తయారవుతుందట.

ఇప్పుడు నాకు ఇంకా బాధనిపించే సంగతి. నేను అక్కడ ఒక స్కూల్లో చెప్పేదాన్ని, అయిదో నెలలో మళ్ళీ డ్యూటీలో చేరాను. పాపకి డబ్బా పాలు పట్టాల్సి వచ్చింది. బోరు నీళ్ళు మంచివి కావేమోనని, ఫిల్టరు ఉన్నా కూడా పొయ్యి మీద తెర్లేదాకా మరగబెట్టి, మూతపెట్టి చల్లార్చి, ఆ నీళ్ళలోనే పాలపొడి కలిపేదాన్ని. రోజుకి అయిదారు సీసాలు. ఎంత శ్రద్ధగా చేశానో నాకు తెలుసు. మరగబెడితే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరైపోయిన కొద్దీ మిగిలిన వాటిలో ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరుకి కూడా అది ఆగదు. తల్లి ఎలాంటి నీళ్ళు తాగినా తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువే ఉంటుందట. ఇవన్నీ విన్నాక నాకు అక్కడే కళ్ళ నీళ్ళు వచ్చాయి. మేడమ్ రిసెప్షన్ అమ్మాయిని పిలిచి పాపని బయట చేపల తొట్టి దగ్గరికి పంపించి, నాతో ఒక్క మాట అన్నారు: “అమ్మా, ఆ ఊళ్ళో తల్లులందరూ అవే నీళ్ళు పట్టారు. మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.” పక్కన పెషెంట్లు ఎదురుచూస్తున్నా ఆవిడ తొందరపెట్టలేదు.

పేస్టు గురించి కూడా అడిగారు. బబుల్‌గమ్ వాసన వచ్చే పేస్టు మా పాప రెండేళ్ళప్పుడు ఉమ్మకుండా మింగేసేది, బ్రష్ నిండా పెట్టేవాళ్ళం, టీవీ ప్రకటనల్లో చూపించినట్టు. లెక్క చెప్పారు: వెయ్యి పీపీఎం అని రాసున్న పేస్టులో గ్రాముకి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది, బ్రష్ నిండా పెడితే సుమారు గ్రాము. దాన్ని మింగితే, లీటరుకి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు ఒక లీటరు తాగినట్టే. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత, అదీ పెద్దవాళ్ళు పక్కనుండి ఉమ్మించాలి. ఇప్పటికీ మా ఇంట్లో బ్రష్ మీద పేస్టు నేనే పెడతాను.

ఇంటికొచ్చాక మా అత్తయ్య ఇది విని, ఫ్లోరైడ్ విషమట, వాట్సాప్‌లో వచ్చింది, ఇక పేస్టులు మానేసి పళ్ళపొడి వాడదాం అన్నారు. రెండోసారి వెళ్ళినప్పుడు అదీ అడిగాను. వద్దన్నారు మేడమ్. పళ్ళ మీద పైపైన కొద్దిగా తగిలే ఫ్లోరైడ్ పుచ్చుని ఆపుతుంది, కడుపులోకి ఎక్కువగా పోయేదే సమస్య, గరుకు పొడితో రుద్దితే ఈ పళ్ళు ఇంకా అరుగుతాయి అన్నారు. అత్తయ్యకి ఆ మాట నేను చెబితే నమ్మేవారు కాదు. మూడోసారి ఆవిడనే వెంట తీసుకెళ్ళాను, మేడమ్ చేత చెప్పించాను.

వైద్యం సంగతికి వస్తాను. తీవ్రతను బట్టి మెట్లు ఉంటాయని గోడ మీది ఫోటోల చార్టు చూపించారు, మా పాపది మధ్యస్థం. గీతలు మాత్రమే ఉంటే ఏమీ చెయ్యనవసరం లేదని, పిల్లకి బాధగా ఉంటేనే ముట్టుకుందామని ముందే చెప్పారు. నన్ను కాదు, పాపనే అడిగారు: “నీకు ఏది పోవాలని ఉంది తల్లీ, గీతలా, మచ్చా?” మా పిల్ల వేలితో గోధుమ మచ్చ చూపించింది. సరే, మచ్చ వరకే చేద్దాం అన్నారు.

చేసింది రెండు పనులు. మొదటిది, యాసిడ్, గరుకు పొడి కలిసిన జెల్ పెట్టి చిన్న రబ్బరు కప్పుతో మెల్లగా తిప్పుతూ పై పొరని రవ్వంత అరగదియ్యడం. మైక్రోఅబ్రేషన్ అంటారట. పోయేది మిల్లీమీటరులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. చిగుళ్ళకి తగలకుండా నీలం రంగు రబ్బరు షీటు పళ్ళ చుట్టూ బిగించారు, కళ్ళకి అద్దాలు పెట్టారు, ఇంజెక్షన్ అవసరం రాలేదు. ఒక్కో పంటికీ కాసేపు తిప్పడం, కడగడం, ఆగి చూడడం, మళ్ళీ తిప్పడం. ఆగిన ప్రతిసారీ మేడమ్ పాపకి ఒక కథలో ముక్క చెప్పారు. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అని ఒక ఊరు, 1901లో అక్కడికి కొత్తగా వచ్చిన ఫ్రెడరిక్ మెక్‌కే అనే పళ్ళ డాక్టరు చూస్తే ఆ ఊళ్ళో పుట్టిన పిల్లల్లో చాలామందికి గోధుమ పళ్ళు, ఎందుకో ఎవరికీ తెలియదు. ఆయన ఏళ్ళ తరబడి వెతికితే చివరికి 1931లో తెలిసింది నీళ్ళలో ఫ్లోరైడ్ అని. ఆ గోధుమ పళ్ళవాళ్ళకి పుచ్చు మాత్రం తక్కువట, కొద్దిగా ఉంటే మంచిదే అన్న సంగతి అలా దొరికింది, దాన్నుంచే తర్వాత ఫ్లోరైడ్ పేస్టులు వచ్చాయి. మా పిల్ల ఆ నోటితో మాట్లాడలేదు గానీ కళ్ళు ఇంతేసి చేసుకుని విన్నది. ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పింది, “మన పళ్ళ కథ అమెరికాలో కూడా ఉందిరా” అని.

రెండో సిట్టింగ్‌లో మిగిలిన మచ్చ మీద పలచటి ద్రవం పట్టించి, లోపలికి ఇంకాక లైటు పెట్టి గట్టిపరిచారు. ఆ సందుల్ని అది నింపేస్తుందట. రెండు రోజులు రంగున్నవి ఏమీ పెట్టొద్దన్నారు, పసుపు కూడా. పెరుగన్నం, ఇడ్లీ, కొబ్బరి పచ్చడి, పాలు, మళ్ళీ పెరుగన్నం. ఆవకాయ లేకుండా రెండు రోజులు ఉండడం మా పిల్లకి కుర్చీలో కూర్చోవడం కంటే కష్టమైంది. చల్లటి నీళ్ళు తాగితే మూడు నాలుగు రోజులు జివ్వుమంది, తర్వాత తగ్గింది.

ఫలితం: గోధుమ మచ్చ నూటికి తొంభై పాళ్ళు పోయింది. దగ్గరికెళ్ళి చూస్తే లేత తేనె రంగు నీడ ఉంది. తెల్ల గీతలు ఉన్నాయి, కొంచెం మసకబారాయి. పళ్ళు యాడ్‌లో చూపించినట్టు అవుతాయని ఆశ పెట్టుకోకండి, అవ్వవు, మేడమ్ కూడా అలా చెప్పలేదు. ముందు ఫోటో, తర్వాత ఫోటో రెండూ మాకు పంపారు.

కన్సల్టేషన్ నాలుగు వందలు, రెండు సిట్టింగులకి కలిపి ఏడువేల అయిదు వందలు, మేడమ్ రాసిచ్చిన క్రీముకి వేరేగా ఖర్చయింది. మాకు తక్కువేమీ కాదు. అయినా అవతల క్యాపులకి చెప్పిన మొత్తంలో ఇది మూడో వంతు కూడా లేదు, పన్ను పన్నుగా మిగిలింది.

లోపాలు. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య చాలా ఇబ్బంది పడ్డారు. కింద రెండు బండ్లకి మించి చోటు లేదు, కారులో వచ్చేవాళ్ళు రైతుబజారు వైపు ఎక్కడో పెట్టుకుని నడవాలి, ఆదివారం పొద్దున ఆ వైపు అస్సలు ఆశ పెట్టుకోవద్దు. అపాయింట్‌మెంట్ టైము ఇచ్చినా శనివారాలు గంట, గంటన్నర ఆలస్యం. ఫోన్ ఒకపట్టాన ఎత్తరు, మెసేజ్ పెడితే సాయంత్రానికి జవాబిస్తారు. వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళేవాళ్ళకి ఈ తిప్పలు లేవు, మేం నాలుగోసారి బుధవారం వెళ్తే పది నిమిషాల్లో లోపలికి పిలిచారు.

చివరగా మా చిన్నోడి సంగతి, నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. వాడు ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు రెండేళ్ళు. పళ్ళ అపాయింట్‌మెంట్ వాడికి కాదు, ఒళ్ళో కూర్చుని ఉన్నాడంతే. మేడమే అడిగారు, మీ అపార్ట్‌మెంట్‌లో ఏ నీళ్ళు అని. వైజాగ్‌కి మున్సిపాలిటీ నీళ్ళు మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు లాంటి చోట్ల నుంచి వస్తాయి, చెరువు నీళ్ళలో, కాలువ నీళ్ళలో మామూలుగా ఫ్లోరైడ్ తక్కువే, బోరు నీళ్ళ సంగతి మాత్రం కింద ఉన్న రాయిని బట్టి ఉంటుంది, పరీక్ష చేయిస్తే గానీ తెలియదు అన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో రెండూ ఒకే సంపులో కలుస్తాయి. అదే వారం శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో సంపు నీళ్ళు ఒకటి, ఒట్టి బోరు నీళ్ళు ఇంకొకటి పట్టి నీటి పరీక్షల ల్యాబులో ఇచ్చాం. మన దేశపు ప్రమాణం లీటరుకి ఒక మిల్లీగ్రాము, వేరే నీళ్ళు దొరక్కపోతే ఒకటిన్నర వరకు. మావి రెండూ ఒకటి లోపే వచ్చాయి. ఆ కాగితం చేతికొచ్చిన రోజు రాత్రి నాకు బాగా నిద్ర పట్టింది. వాడి ముందు పళ్ళు ఇప్పుడే లోపల తయారవుతున్నాయి కదా.

మా పాపకి పక్క పళ్ళు, కోరపళ్ళు ఇంకా రావాలి. అవి కూడా ఆ కనిగిరి రోజుల్లోనే సగం తయారై ఉంటాయి కాబట్టి వాటి మీద కూడా గీతలు ఉండొచ్చని మేడమ్ దాచకుండా చెప్పారు, వచ్చాక చూద్దాం, ఆరు నెలలకోసారి తీసుకురండి అన్నారు. ఈ మధ్య పొద్దున అద్దం ముందు నిలబడి, పెదవి పైకెత్తి, కోరపన్ను చోట చిగురుని వేలితో తడుముకుంటూ ఉంటుంది. నిన్న నన్ను పిలిచి, “అమ్మా, ఇక్కడ గట్టిగా తగుల్తోంది, వస్తోందేమో చూడు” అంది. అంటూ నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.